ఇటుక బొమ్మల మాయాబజార్
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదనీ, మనం చేసిన సేవకు వచ్చిన హక్కు అనీ తేల్చింది. ఆ విషయాలు, డి.ఎ. బకాయిల విషయాలు నాకన్నా తెలిసినవారు ఈ వేదిక మీద ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను పిలిచి "మీరు వాటి జోలికి పోకండి, విశ్రాంత జీవితంలో కాలక్షేపం గురించి ఓ పది నిమిషాలు చెప్పండి చాలు" అన్నారు. సరేనన్నాను. పది నిమిషాలన్నది కార్యదర్శిగారి అంచనా. గుమాస్తా అంచనాలో పది శాతం హెచ్చుతగ్గులు ఎప్పుడూ ఉంటాయి.

కాలక్షేపం అనగానే భగవద్గీత పారాయణ, ఉదయపు నడక, పత్రికలో పదవినోదం అంటారు. అవన్నీ నేనూ చేస్తున్నాను. కాని ఈ రోజు చెప్పబోయేది వేరు. మొన్నటి వేసవి సెలవుల్లో మా మనవడూ, నేనూ, మా ఇంటావిడా కలిసి మాయాబజార్ సినిమాలోని వివాహ భోజనం ఘట్టాన్ని పిల్లలాడుకునే ప్లాస్టిక్ ఇటుకలతో కట్టాము. కట్టి ఊరుకోలేదు, సెల్‌ఫోనుతో చిత్రీకరణ కూడా చేశాము. నవ్వండి, ఫరవాలేదు. డెబ్బయ్యయిదేళ్ళవాడు నేలమీద కూర్చుని బొమ్మలు పేర్చడం చూసి మా పక్కింటివారు కూడా నవ్వారు.

ఆ ఇటుకల సంగతి తెలియనివారి కోసం రెండు ముక్కలు. వీటిని లెగో అంటారు. డెన్మార్కు దేశంలో బిల్లుండ్ అనే చిన్న ఊళ్ళో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో కొయ్యబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. చక్కగా ఆడుకో అని అర్థం వచ్చే డేనిష్ మాటలు రెండు కలిపి ఆ పేరు పెట్టాడు. కొయ్య పోయి తర్వాత ప్లాస్టిక్కు వచ్చింది. ఇప్పుడున్న ఇటుకకు పేటెంటు దరఖాస్తు పెట్టింది 1958 జనవరి 28న. పైన బుడిపెలు, లోపల గొట్టాలు ఉంటాయి. ఒకదానిమీద ఒకటి పెట్టి నొక్కితే బుడిపె గొట్టానికీ గోడకూ మధ్య బిగిసి నిలుస్తుంది. మేకు అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు. విప్పాలంటే చేత్తో లాగితే వస్తుంది. ఆనాటి ఇటుక మీద ఈనాటి ఇటుక పెట్టినా సరిగ్గా అతుకుతుంది. మన ఆఫీసుల్లో పాత ఫారాలకూ కొత్త ఫారాలకూ ఈపాటి పొత్తు ఉంటే మన జీవితాలు ఎంత సుఖంగా ఉండేవో!

ఇంకొక వింత. ఎనిమిది బుడిపెల ఇటుకలు ఒకే రంగువి రెండు ఉంటే వాటిని 24 రకాలుగా కలపవచ్చు. మూడయితే 1,060 రకాలు. ఆరు ఇటుకలయితే 91,51,03,765 రకాలట. ఈ లెక్క మా మనవడు చెప్పగా నేను నమ్మక, రెండు ఇటుకల వరకు కాగితం మీద వేసి చూసుకున్నాను. ఇరవై నాలుగూ వచ్చాయి. మిగతాది వాడి మాట మీద వదిలేశాను.

ఇక మాయాబజార్. మన తరానికి ఆ సినిమా గురించి చెప్పడం తిరుపతివాడికి లడ్డు గురించి చెప్పడమే. విజయావారి మాయాబజార్ 1957 మార్చి 27న విడుదలైంది. అంటే లెగో ఇటుకకూ దానికీ పది నెలలే తేడా. కె.వి. రెడ్డిగారి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావుగారి మాటలు, మార్కస్ బార్ట్‌లీగారి కెమెరా, గోఖలే, కళాధర్‌గార్ల కళ. పాండవుల ఇంటి పెళ్ళి కథ, అయినా మూడు గంటల సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా కనపడరు. ఆ సంగతి చూస్తున్నంతసేపూ మనకు తోచదు. నేను మొదట చూసింది పదో ఏట, టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు మీద. ఎస్.వి. రంగారావుగారు విస్తళ్ళ ముందు కూర్చున్నప్పుడు మా ఊరి జనమంతా ఆకలితో ఉన్నవాళ్ళే. తెర మీద లడ్డూలు వాటంతటవే ఎగిరి ఆయన నోట్లోకి పోతుంటే హాలంతా ఒకటే కేక. ఆ కేక నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా బెంగుళూరులో ఉంటాడు. మనవడికి పదకొండేళ్ళు. ఏడాదికి నలభై రోజులు మా దగ్గర ఉంటాడు. తెలుగు వస్తుంది గాని, అడిగినదానికి జవాబు చెప్పేంతే. "తిన్నావా నాన్నా?" అంటే "తిన్నాను తాతయ్యా." "బడి ఎలా ఉంది?" అంటే "బాగుంది." అక్కడితో సరి. ఆ తర్వాత వాడి ఫోను వాడిది, నా పత్రిక నాది. మీలో చాలామంది ఇళ్ళల్లో ఇదే పరిస్థితి అని నాకు తెలుసు. పిల్లవాడు చెడ్డవాడు కాదు, మనమూ కఠినులం కాము. వాడి లోకానికీ మన లోకానికీ మధ్య తలుపు లేదు, అంతే.

ఆ తలుపు మాయాబజార్ అవుతుందని టీవీలో వేసి పక్కన కూర్చోబెట్టాను. అరగంటకు లేచి వెళ్ళిపోయాడు. నలుపు తెలుపు సినిమా, పద్యాలు, మెల్లగా నడిచే కథ. నేను ఒక్కడినే చూస్తూ ఉన్నాను. భోజన ఘట్టం వచ్చేసరికి పాట విని గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. నిలబడినవాడు పాట అయ్యేదాకా కదలలేదు. "తాతయ్యా, కంప్యూటర్ లేకుండా ఆ లడ్డూలు ఎలా ఎగిరాయి?" అన్నాడు. ఆ సెలవుల్లో వాడంతట వాడు నన్నడిగిన మొదటి ప్రశ్న అది. "నాకూ తెలియదురా, మనం చేసి చూద్దామా?" అన్నాను. వెళ్ళి వాడి లెగో పెట్టె తెచ్చి నా ముందు కుమ్మరించాడు.

ఇక్కణ్ణుంచి పని గుమాస్తా చేతికి వచ్చింది. ముందు స్టాకు రిజిస్టరు తెరిచాను. ఎనిమిది బుడిపెలవి ఎన్ని, నాలుగువి ఎన్ని, పలకలు ఎన్ని అని లెక్క రాశాము. రంగు ప్రకారం కాక ఆకారం ప్రకారం వేరు చేయాలని వాడు చెప్పాడు. ఎర్రముక్కల కుప్పలో చిన్న ఎర్రముక్క వెతకడం కష్టం, చిన్నముక్కల కుప్పలో ఎర్రది ఇట్టే కనపడుతుంది. ముప్ఫయి మూడేళ్ళు ఫైళ్ళు సర్దినవాణ్ణి, ఆ మాటకు మెచ్చుకున్నాను.

తర్వాత కొలతలు. ఈ లెగోలో బొమ్మ మనుషులు నాలుగు సెంటీమీటర్ల ఎత్తు ఉంటారు. 1978 నుంచి అదే కొలత. ఒక ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. ఘటోత్కచుణ్ణి ఇరవయ్యారు వరసలు కడితే పాతిక సెంటీమీటర్లు వస్తాడు. అంటే పక్కన నిలబడే వంటవాడికి ఆరింతలు. గళ్ళ కాగితం మీద ముందు నుంచి ఒక బొమ్మ, పక్క నుంచి ఒక బొమ్మ గీసి, ఒక్కొక్క వరసకు ఎన్ని ముక్కలు కావాలో ఇండెంటు రాశాను. ఉన్నవాటికన్నా అక్కర ఎక్కువ తేలింది. అందుకని లోపల డొల్లగా కట్టాము. మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు కీలు మీద కీలు రాకుండా ఇటుక సగం సగం జరిపి పెడతారు చూడండి, అదే సూత్రం. అలా కడితే డొల్లగా ఉన్నా కూలదు.

రంగు దగ్గర పేచీ వచ్చింది. ఘటోత్కచుడి ఒంటికి కావలసిన రంగు ఇటుకలు ముప్ఫయి కూడా లేవు. వాడు దిగాలుపడ్డాడు. సినిమా నలుపు తెలుపు కదా, ఫోనులో అలా తీసే వీలుందా అని అడిగాను. ఉందన్నాడు. రంగురంగుల ఇటుకలు వరసగా పేర్చి నలుపు తెలుపులో ఫోటో తీసి చూశాము. పసుపు తెల్లగా పడింది. ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ ఒకే బూడిద రంగుగా పడ్డాయి. నీలం నల్లగా పడింది. ఇంకేం, ముదురు రంగులన్నీ కలిపి ఒంటికి, పసుపూ తెలుపూ కిరీటానికీ నగలకూ. కంటికి చూస్తే మా ఘటోత్కచుడు అతుకుల బొంతలా ఉన్నాడు. ఫోనులో చూస్తే రాక్షసరాజే! ఆనాటి కెమెరామెన్లు ప్రతి చీరనూ ప్రతి గోడనూ రంగుగా కాక వెలుగు నీడలుగా చూసి ఉంటారు గదా అనిపించింది. బార్ట్‌లీగారి వెన్నెలను డెబ్బయ్యేళ్ళ తర్వాత కూడా జనం చెప్పుకుంటున్నారంటే ఊరికే కాదు.

వంటకాల శాఖ మా ఇంటావిడ తీసుకుంది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతకు ఎనిమిది నెలల క్రితం ఆమెకు స్వల్పంగా పక్షవాతం వచ్చింది. మాట తిరిగి వచ్చింది, నడక వచ్చింది, కుడిచేతి వేళ్ళు మాత్రం పట్టు కుదరలేదు. రోజూ రబ్బరు బంతి నొక్కమని డాక్టరుగారు చెప్పారు. రెండు రోజులు నొక్కి "ఈ బంతి ఆట నావల్ల కాదండీ" అని పక్కన పడేసింది. వంటింట్లో నలభై ఏళ్ళు ఏలిన మనిషి, గరిటె జారిపోతుంటే ఎలా ఉంటుందో మీరే ఊహించండి. ఎవరికీ కనపడకుండా కూర్చునేది.

మేమిద్దరం విస్తట్లో పసుపు ముక్కలు పోసి "లడ్డూలు" అంటుంటే చూసి ఊరుకోలేకపోయింది. "పెళ్ళి భోజనం అంటే లడ్డూలేనా? గారె లేకుండా పెళ్ళేమిటి? గారెకు చిల్లు ఏది?" అంటూ వచ్చి కూర్చుంది. గుండ్రటి చిన్న ముక్క ఒక బుడిపె వెడల్పు, అంటే ఎనిమిది మిల్లీమీటర్లు. దాన్ని పట్టుకుని పళ్ళెంలో బుడిపె మీద పెట్టి నొక్కాలి. మొదటి రోజు నాలుగు పెట్టింది, రెండు కిందపడ్డాయి. మనవడు తీసి ఇచ్చాడు. సాయం చేయబోతే "ఉండరా, నేనే పెడతాను" అంది. పది రోజుల్లో అరిసెలు, బూరెలు, అప్పడాలు, పులిహోర కుప్ప, అన్నీ ఆమె చేతి మీదుగానే పూర్తయ్యాయి. దీనివల్లే చెయ్యి బాగయిందని నేను అనను. మందులున్నాయి, డాక్టరుగారున్నారు, దైవమున్నాడు. కాని బంతి నొక్కనన్న మనిషి రోజుకు రెండు గంటలు ఆ వేళ్ళతో పనిచేసింది. ఇప్పుడు మల్లెపూలు తనే కట్టుకుంటోంది.

ఇక చిత్రీకరణ. బొమ్మను కొద్దిగా కదపడం, ఒక ఫోటో తీయడం, మళ్ళీ కదపడం, మళ్ళీ తీయడం. సెకనుకు పన్నెండు ఫోటోలు. ఇరవై సెకన్ల ముక్కకు 240 ఫోటోలు. ఘటోత్కచుడు పెరగడం మాకు సుళువైంది. ఒక్కొక్క ఫోటోకు నడుము దగ్గర ఒక్కొక్క వరస ఇటుకలు చేర్చాము. వరసగా తిప్పి చూస్తే ఉబ్బినట్టే పెరిగాడు.

లడ్డూలు ఎగరడం దగ్గర మూడు రోజులు ఆగిపోయాము. దారం కడితే దారం కనపడింది, లడ్డు ఊగింది. చివరకు నా బీరువాలో ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ ఫైలు కవరు పనికొచ్చింది. దాన్ని ఫోటో ఫ్రేములో బిగించి ఘటోత్కచుడి ముందు నిలబెట్టాము. లడ్డుకు వెనక తడి గోధుమపిండి అంటించి కవరు మీద అతికించడం, ఫోటోకు ఒక సెంటీమీటరు చొప్పున నోటి వైపు జరపడం. గోధుమపిండి ఆలోచన మా ఇంటావిడది. కవరు మీద మా మొహాలే ప్రతిబింబిస్తుంటే నల్లదుప్పటి కప్పుకుని తీశాము. పగటిపూట తీస్తే కిటికీలోంచి ఎండ జరిగి బొమ్మ మినుకుమినుకుమంటోందని రాత్రిళ్ళు తలుపులు వేసి ఒక్క దీపంతో తీశాము. ఎనిమిది రాత్రులు పట్టింది. అయ్యాక చూస్తే ఇరవై సెకన్లు. "దీనికా ఎనిమిది రాత్రులు!" అంది ఆవిడ. కాని మళ్ళీ వేయమంది.

అయ్యలారా, ఈ పనిలో జరిగిన అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. అరగంటకు లేచిపోయిన పిల్లవాడు ఆ ఘట్టాన్ని ఆపి ఆపి నలభై సార్లు చూశాడు. చెయ్యి ఎక్కడుంది, గద ఎక్కడుంది, నీడ ఎటు పడింది అని. తర్వాత ముందేం జరిగిందో తెలియాలని మొదటి నుంచి చూశాడు. కంబళి ఎందుకు చుట్టుకుపోయింది, తల్పం ఎందుకు తిరగబడింది అని అడిగాడు. శకుని ఎవరు, శశిరేఖ ఎవరి కూతురు, అభిమన్యుడు తర్వాత ఏమయ్యాడు అని అడిగాడు. అలా అడుగుతూ అడుగుతూ భారతంలోకి వచ్చాడు. ద్వారకా నగరాన్ని చూసి అది నిజమైన ఊరా అన్నాడు. కాదురా, 50 అడుగులకు 60 అడుగుల స్థలంలో సుమారు 300 బొమ్మ ఇళ్ళు పేర్చి, వాటిలో దీపాలు పెట్టి తీశారట అని చెబితే వాడి కళ్ళు మెరిశాయి. "అయితే వాళ్ళూ మనలాగే కట్టారన్నమాట" అన్నాడు. ఆ 'మనలాగే' అన్న మాటలో నేనూ ఉన్నాను చూశారా, దాని కోసమే ఈ ప్రసంగం.

మాటలూ వచ్చాయి. అస్మదీయులు, తస్మదీయులు అని ఇటుకల కుప్పలకు పేర్లు పెట్టాడు. పోయిన ముక్క వెతికి ఇచ్చినవాళ్ళకు వీరతాడు వేసే పద్ధతి పెట్టాడు. దారానికి గుడ్డపీలిక కట్టి వేసేవాడు. మంచం కింద నుంచి చిల్లుగారె దొరికించినందుకు నాయనమ్మకు రెండు వీరతాళ్ళు పడ్డాయి. పింగళివారు రాసిన మాటలు బెంగుళూరు పిల్లవాడి నోట పలికాయి. వ్యాకరణం చెప్పి ఉంటే పలికేవి కావు.

2014లో లెగో బొమ్మలతోనే హాలీవుడ్‌వారు ఒక సినిమా తీశారు. వాడు నాకు చూపించాడు. అందులో ఒక తండ్రి ఎంతో శ్రద్ధగా కట్టిన నగరాలను ఎవరూ ముట్టుకోకుండా జిగురు పెట్టి అతికించేయాలనుకుంటాడు. కొడుకు వాటితో ఆడుకోవాలనుకుంటాడు. కథంతా ఆ తగవే. మన ముసలివాళ్ళకు మన ఇష్టాల మీద ఆ జిగురు బుద్ధి ఉంటుంది. పాత సినిమా, పాత పద్యం, పాత పండుగ ఇవన్నీ అద్దాల బీరువాలో పెట్టి "చూడు, ముట్టుకోకు, మెచ్చుకో" అంటాము. పిల్లలు ఒకసారి చూసి వెళ్ళిపోతారు. వాళ్ళ చేతికి ఇచ్చి, విప్పుకోనిచ్చి, వాళ్ళకు తోచినట్టు మళ్ళీ కట్టుకోనిస్తే అది వాళ్ళదవుతుంది. మన బొమ్మల కొలువులో ఏటా మెట్లు కొత్తగా కట్టుకునేది అందుకే కాబోలు. సురభివారు కూడా తాళ్ళతో, కప్పీలతో ఈ మాయాబజార్‌నే రంగస్థలం మీద తరతరాలుగా ఆడుతూ వచ్చారు. 1936లో ఒకసారి సినిమాగా వచ్చింది, 1957లో విజయావారు మళ్ళీ తీశారు. ఎవరి తరం వాళ్ళు తమ చేతుల్లో ఉన్న సామానుతో కట్టుకున్నారు. మా వాడి చేతిలో ఉన్నది లెగో.

సెలవులు అయిపోయిన రోజున బొమ్మంతా విప్పి పెట్టెలో పోశాము. ఫోటోలున్నాయిగా అన్నాడు వాడు. మా ఇంటావిడ ఒక్క గారె మాత్రం తన దగ్గర ఉంచుకుంది.

ఇటువంటి పని తలపెట్టేవారికి నాలుగు సూచనలు. ఒకటి, మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో చిన్న ముక్కలు నేలమీద వదలవద్దు, నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. రెండు, నేలమీద కాకుండా బల్ల మీద పని చేసుకోండి, మోకాళ్ళకు మంచిది. ముక్కలు దొర్లిపోకుండా అంచున్న పళ్ళెం వాడండి. మూడు, సినిమా మొత్తం కట్టాలనుకోకుండా ఇరవై సెకన్ల ఘట్టం ఒకటి ఎంచుకోండి. నాలుగు, ఇటుకలు కొనలేకపోతే అగ్గిపెట్టెలు, బంకమన్ను, అట్టముక్కలు ఏవైనా సరే. నొక్కితే బిగిసే సదుపాయం ఒక్కటే తక్కువ.

మీలో ప్రతివారికీ ఇటువంటి ఘట్టం ఒకటి మనసులో ఉండి ఉంటుంది. పాతాళభైరవిలో కావచ్చు, దేవదాసులో కావచ్చు, మీ ఊరి హరికథలో కావచ్చు. ఈ సంక్రాంతికి పిల్లలు వచ్చినప్పుడు అది ఎంత గొప్పదో చెప్పబోకండి. "ఇది ఎలా చేశారంటావు?" అని అడిగి చూడండి. మా మనవడు మొన్న ఫోను చేసి, వచ్చే వేసవికి లాహిరి పాటలోని పడవ కడదామనీ, నీళ్ళకు ఏం వాడాలో ఆలోచించి ఉంచమనీ చెప్పాడు. నేనూ ఆవిడా అద్దమా, నూనె కాగితమా అని వాదించుకుంటున్నాము. మీకెవరికైనా మంచి ఉపాయం తోస్తే భోజనాల దగ్గర నాతో చెప్పవలసిందిగా కోరుతున్నాను.